కిరాయిదారులతో సహా కొన్న ఇల్లు

2024 మార్చిలో హైదరాబాద్ మల్లాపూర్‌లో ఒక ఇల్లు మా దగ్గరికి బేరానికి వచ్చింది. వంద గజాల్లో జీ ప్లస్ టూ. కింద రోడ్డు వైపు ఒక మడిగె (దుకాణం గది), దాని వెనక సింగిల్ బెడ్‌రూం పోర్షన్, మొదటి అంతస్తులో డబుల్ బెడ్‌రూం, ఆపైన ఇంకో సింగిల్ బెడ్‌రూం, మిగతా సగం ఖాళీ డాబా. నాలుగింటిలోనూ మనుషులున్నారు. అమ్మే ఆయన కిరాయిల లెక్క చెప్పారు: మడిగెకు 6,000, కింద పోర్షన్‌కు 6,500, మొదటి అంతస్తుకు 14,000, పైన 9,000. మొత్తం 35,500.

ధర 96 లక్షల దగ్గర తెగింది. జనగామ దగ్గర ఊళ్లో నా వాటాకు వచ్చిన పొలం అమ్మిన డబ్బు, మావారి రిటైర్మెంట్ డబ్బు పోగా, మా అబ్బాయి పేరు కూడా కలిపి 40 లక్షల లోన్ తీసుకోవాలి. ఇరవై ఏళ్లకు ఈఎంఐ 35 వేల పైచిలుకు పడుతుందని బ్యాంకులో చెప్పారు. కిరాయి 35,500, ఈఎంఐ 35 వేలు. మావారు ఆ రెండు అంకెల్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, "ఇల్లే తన అప్పు తీర్చుకుంటుంది" అని ఎంతో సంతోషపడ్డారు. నాకు మాత్రం భయంగానే ఉంది. మా నాన్న ఇచ్చిన పొలం అమ్ముకుని వేస్తున్న అడుగు అది.

మా తమ్ముడు ఒకటే మాట మీద ఉన్నాడు. "ఎవర్నీ ఉంచొద్దక్కా. అందర్నీ ఖాళీ చేయించి తాళాలు చేతిలో పెడితేనే రిజిస్ట్రేషన్ అని చెప్పు." మా బంధువుల్లో ఒకాయన మడిగె కొని, అందులో ఉన్న కిరాయిదారు కదలకపోతే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. అది కళ్లారా చూసినవాడు కాబట్టి వాడి భయం వాడిది. మావారిది ఇంకో లెక్క. కిరాయి వస్తున్న ఇంటిని ఖాళీ చేయించి, రంగులు వేయించి, టు-లెట్ బోర్డు పెట్టుకుని కూర్చుంటే ఆ నెలల ఈఎంఐ ఎవరు కడతారని. మొదట్లో నేను తమ్ముడి వైపే ఉన్నాను.

డాక్యుమెంట్లు చూపించడానికి అడ్వకేట్ దగ్గరికి వెళ్లాం. లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదులు అన్నీ చూసి బాగానే ఉన్నాయన్నారు. తర్వాత, "లోపల ఉన్నవాళ్లతో మాట్లాడారా?" అని అడిగారు. ఓనర్‌తో కలిసి రెండుసార్లు వెళ్లి చూశామని చెప్పాను. "ఓనర్‌తో కాదమ్మా, ఓనర్ లేకుండా" అన్నారు.

ఆరోజు ఆయన చెప్పిన విషయాలు కొనేవాళ్లందరికీ తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. మన దగ్గర ఎక్కువమంది రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంట్లను సాధారణంగా ఎవరూ రిజిస్టర్ చేయించరు కాబట్టి కిరాయిదారుల సంగతి ఈసీలో ఎక్కడా ఉండదు. కానీ 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 3 ప్రకారం, ఇంట్లో ఎవరైనా ఉంటే, వాళ్లకు ఆ ఇంటి మీద ఉన్న హక్కు ఏదైనా సరే, అది కొనేవాడికి తెలిసినట్టే లెక్క. నాకెవరూ చెప్పలేదంటే చెల్లదు. అదే చట్టంలో సెక్షన్ 109 ప్రకారం, ఇల్లు కొన్నవాళ్లు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు. కిరాయి తీసుకునే హక్కు వస్తుంది, ఓనర్‌గా ఆయన మీద ఉన్న బాధ్యతలూ వస్తాయి. ఇల్లు చేతులు మారిందని కిరాయిదారుకు తెలియకముందు అతను పాత ఓనర్‌కు కట్టిన కిరాయిని మనం మళ్లీ అడగలేం.

పాత రెంట్ కంట్రోల్ చట్టం గురించి కూడా అడిగాను. 1960 నాటి ఆ చట్టం, 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ ఏరియాల్లో నెలకు 3,500 దాటిన కిరాయిలకు వర్తించదట. మా నాలుగూ దాటినవే. అలాంటి నెలవారీ కిరాయిలకు 15 రోజుల నోటీసు సరిపోతుంది. "కాగితం మీద 15 రోజులే. వెళ్లనంటే మాత్రం కోర్టుకే వెళ్లాలి. అందుకే నోటీసు దాకా రాకుండా ముందే చూసుకోండి" అన్నారు.

మరుసటి వారం మూడు మధ్యాహ్నాలు నేనొక్కదాన్నే వెళ్లాను. మగవాళ్లతో పోతే విచారణకు వచ్చినట్టు ఉంటుందని మావారిని రావద్దన్నాను. అమ్మే ఆయనకు ఫోన్ చేసి, కొలతలు చూసుకుంటామని మాత్రం చెప్పాను.

మొదట మడిగె. అందులో ఒక టైలర్ ఉంటాడు. రెండు మిషన్లు, గోడ నిండా హ్యాంగర్లకు జాకెట్లు. పద్నాలుగేళ్లుగా అక్కడే. అటూ ఇటూ మడిగెలకు తొమ్మిది, పది వేలు పలుకుతుంటే ఇతను ఆరు వేలే కడుతున్నాడు. రాసుకున్న కాగితం ఏదీ లేదు. అడ్వాన్స్ ఎంత ఇచ్చావన్నా అంటే 50 వేలన్నాడు. అమ్మే ఆయన మాకు చెప్పింది 20 వేలు. నా మొహంలో అనుమానం చూశాడేమో, మిషన్ కింది డ్రాయర్‌లోంచి ఒక పాత డైరీ తీశాడు. మొదట ఇచ్చిన 20 వేలు ఒక పేజీలో, తర్వాత షట్టర్ మార్చినప్పుడు ఇచ్చిన 30 వేలు ఇంకో పేజీలో ఉన్నాయి. రెండింటి కిందా సంతకాలున్నాయి. అవి ఇప్పుడు అమ్ముతున్నాయనవి కావు, చనిపోయిన వాళ్ల నాన్నవి. కొడుక్కి ఆ రెండో పేజీ సంగతి తెలియకపోవచ్చు. "ఖాళీ చెయ్యమంటరా మేడం?" అని అడిగాడు. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను. అప్పటికి అది నిజమే.

వెనక పోర్షన్‌లో ఒక పెద్దమ్మ, ఆమె కొడుకు. కొడుకు ఆటో నడుపుతాడు. తొమ్మిదేళ్లుగా ఉంటున్నారు. నేను వెళ్లేసరికి ఆమె మెట్లు కడుగుతోంది. ఓనర్ చెప్పారా అని అడిగితే, "ఎవలు జెప్తరు బిడ్డా, గలీజుంటే నాకే మంచిగనిపియ్యది" అంది. మోటర్ స్విచ్ ఆమె ఇంట్లోనే ఉంది. పొద్దున, సాయంత్రం ఆమే వేస్తుంది, ట్యాంకు నిండితే ఆమే ఆపుతుంది. ఏ పైపు ఎక్కడ కారుతుందో, ఏ వాల్వు ఎటు తిప్పాలో ఆమెకు తెలిసినంతగా అమ్మే ఆయనకు కూడా తెలియదని మాటల్లో అర్థమైంది. ఆమె భయం వేరే ఉంది. ఆ మార్చిలోనే ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద ఆమెకు జీరో కరెంటు బిల్లు మొదలైంది. ఇల్లు అమ్మితే మీటర్ పేరు మారుతుంది, బిల్లు మళ్లీ పడుతుందేమోనని. పేరు మారినా సర్వీస్ నంబర్ మారదు కదా అని ధైర్యం చెప్పాను. తర్వాత మేం పేరు మార్పించుకున్నాక కూడా ఆమె జీరో బిల్లు ఆగలేదు.

మొదటి అంతస్తులో చర్లపల్లి, నాచారం కంపెనీల్లో పనిచేసే అబ్బాయిలు. అమ్మే ఆయన నలుగురన్నారు. గడప దగ్గర చెప్పులు, లోపల చుట్టిపెట్టిన పరుపులు చూస్తే అంతకన్నా ఎక్కువమందే అనిపించింది. షిఫ్టుల వల్ల ఒకేసారి అందరూ ఉండరట, మొత్తం ఎనిమిది మంది. మర్యాదగా మాట్లాడారు. ప్రతి నెలా ఐదో తేదీలోపు ఫోన్‌పేలో కిరాయి కట్టినట్టు చూపించారు. కిరాయి విషయంలో ఆ ఇంట్లో అందరికన్నా వాళ్లే పక్కా. కానీ అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో ఆ అబ్బాయి రెండేళ్ల కిందటే బెంగళూరు వెళ్లిపోయాడు. ఒకరు పోతే ఇంకొకరు వచ్చి చేరుతున్నారు. ఈ ఇంటికి నేను బాధ్యుణ్ని అని సంతకం పెట్టే మనిషి వాళ్లలో లేడు.

మూడో రోజు పైకి వెళ్లాను. మార్చి చివర, ఎండకు డాబా కాలిపోతోంది. అక్కడుండే అమ్మాయికి ముప్పై, ముప్పై రెండేళ్లుంటాయి. మంచినీళ్లిచ్చి, కూలర్ నా వైపు తిప్పింది. పిల్లల చదువుల గురించి కాసేపు మాట్లాడుకున్నాక, కిరాయి ఎప్పుడు కడతారమ్మా అని మామూలుగా అడిగాను.

"మేం కిరాయి కట్టం అక్కా. లీజుకున్నం."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె బీరువాలోంచి వంద రూపాయల స్టాంప్ పేపర్ తెచ్చి చూపించింది. 2022 మేలో నాలుగు లక్షలు ఇచ్చారు. మూడేళ్లు కిరాయి లేకుండా ఉండాలి, 2025 మేలో ఖాళీ చేసేటప్పుడు నాలుగు లక్షలూ తిరిగి తీసుకోవాలి. కింద అమ్మే ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. మాకు చెప్పిన తొమ్మిది వేల కిరాయి అన్నది లేనే లేదు. "ఇల్లు అమ్ముతున్నట్టు మాకు చెప్పలే. మా పైసలు మీరే ఇస్తరా అక్కా?" అని అడిగింది. ఆ కళ్లలో భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. అవి తన పెళ్లప్పుడు పెట్టిన బంగారం అమ్మిన డబ్బులట.

మెట్లు దిగి వస్తుంటే కాళ్లు వణికాయి. ఓనర్‌తో వెళ్లిన రెండుసార్లూ ఆయన పైకి తీసుకెళ్లి, తలుపు దగ్గరే నిలబెట్టి, "వీళ్లు మా దూరపు చుట్టాలే, తొమ్మిది వేలు" అని చెప్పి దించేశారు. ఆ అమ్మాయి లోపల వంట చేసుకుంటూ ఉంది.

అడ్వకేట్‌కు ఫోన్ చేశాను. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించి ఉండాలి, ఆ స్టాంప్ పేపర్‌కు కోర్టులో బలం తక్కువ, చట్టం దాన్ని నెలవారీ కిరాయిగానే చూసే అవకాశం ఉందన్నారు. తమ్ముడు అది విని, "అయితే ఇంకేం, ఖాళీ చెయ్యమనొచ్చు, ఆ నాలుగు లక్షలు వాళ్లూ ఓనరూ తేల్చుకుంటారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బంగారం అమ్మి ఇచ్చిన మనిషిని కాగితంలో లోపం చూపించి బయటికి పంపి ఆ ఇంట్లో దీపం పెట్టడం నావల్ల కాదు. ఇంకో మాట కూడా ఉంది. డబ్బు చేతికి రాకుండా ఆమె ఇల్లు కదలదు. ఎవరు తీసుకున్నా, ఆమె అడిగేది తాళం ఎవరి చేతిలో ఉందో వాళ్లనే.

ఆ రాత్రి నేను, మావారు కూర్చుని ఒక్కొక్కరి గురించి విడివిడిగా ఆలోచించాం. అందర్నీ ఉంచాలా, అందర్నీ పంపాలా అని అప్పటిదాకా వాదించుకోవడమే తప్పనిపించింది.

పెద్దమ్మ విషయంలో చర్చే లేదు. 6,500కు బదులు బయట 8,000 వస్తుందని తెలుసు. ఆ పదిహేను వందల కోసం ఇంటిని అంతగా ఎరిగిన మనిషిని వదులుకోవడం తెలివితక్కువ పని. ఆమె కిరాయి పెంచకూడదనుకున్నాం. టైలర్‌ను ఉంచి, కాగితం రాసుకుని, వెంటనే కాకుండా ఆరు నెలల తర్వాత 7,500 చేయాలనుకున్నాం. తొమ్మిది వేలు అడగొచ్చు కదా అని మావారన్నారు. పద్నాలుగేళ్లలో అతని గిరాకీ మొత్తం ఆ గల్లీలోనే ఏర్పడింది. ఒక్కసారిగా సగానికి సగం పెంచితే కట్టలేడు, వెళ్లనూ లేడు. మా బంధువుల కోర్టు కథ అలాగే మొదలైంది.

పైవాళ్లను గడువు దాకా ఉంచాలి, నాలుగు లక్షలు మాత్రం మేం కట్టే ధరలోంచి పట్టుకోవాలి.

అబ్బాయిల దగ్గరే చాలాసేపు ఆగిపోయాం. మర్నాడు వెళ్లి, నలుగురు వాళ్ల పేర్ల మీద సంతకం పెట్టి, ఆ నలుగురే ఉంటానంటే ఉండమని అడిగాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, నలుగురికి 14 వేలు భారమవుతుంది, వేరే చోట చూసుకుంటామన్నారు. జూన్ దాకా టైం అడిగారు, సరేనన్నాను. బాధ అనిపించింది. వాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు.

తర్వాత నాలుగు తెల్ల కాగితాలు రాసుకున్నాను. ఎప్పటి నుంచి ఉంటున్నారు, కిరాయి ఎంత, ఏ నెల దాకా కట్టారు, అడ్వాన్స్ ఎంత, ఎవరికిచ్చారు, కరెంటు, నీళ్ల బిల్లులు ఎవరు కడతారు, రాతపూర్వకంగా గానీ నోటిమాటగా గానీ వేరే ఒప్పందం ఏదైనా ఉందా. చివర కిరాయిదారు సంతకం, దాని పక్కనే అమ్మే ఆయన సంతకం. ఇల్లు కొనేటప్పుడు చేసిన పనుల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ నాలుగు కాగితాలే.

అమ్మే ఆయన మొదట సంతకాలు పెట్టనన్నారు. లీజు సంగతి ఎత్తితే, "అది నేను చూసుకుంటా, మీకెందుకు?" అన్నారు. నాలుగు లక్షలు పట్టుకునే ఇస్తామంటే బేరం వద్దనుకుని వెళ్లిపోయారు. పది రోజులు ఫోన్ లేదు. మధ్యలో ఉన్న బ్రోకర్ మాత్రం రోజూ, ఇంకో పార్టీ రెడీగా ఉందని టెన్షన్ పెట్టేవాడు. పోతే పోయిందనుకోవడానికి నేను సిద్ధపడ్డాను, మావారే ఆ పది రోజులూ సరిగా నిద్రపోలేదు. చివరికి అమ్మే ఆయనే వచ్చారు. ఇంకో పార్టీ నిజంగా ఉన్నా, వాళ్లూ పైకి వెళ్లి ఆ అమ్మాయిని అడగకుండా ఉండరు కదా. కిరాయి రాదని తెలిశాక ధర కాస్త తగ్గించమన్నాం. దానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు, మేమూ పట్టుబట్టలేదు. నాలుగు లక్షలు ఎఫ్‌డీ చేస్తే నెలకు 2,300 దాకా వడ్డీ వస్తుంది. తొమ్మిది వేలు ఎక్కడ, అది ఎక్కడ. కానీ ఏడాదికల్లా తీరిపోయే సమస్య అది.

సేల్ డీడ్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఖాళీ స్వాధీనం ఈ రోజే ఇవ్వడమైనది" అని ఉంది. డాక్యుమెంట్ రైటర్లు అందరికీ అదే రాస్తారట. లోపల ముగ్గురు కిరాయిదారులుండగా ఖాళీ స్వాధీనం ఎలా అవుతుంది? అడ్వకేట్‌తో మార్పించాం. ఎవరెవరు ఉంటున్నారు, ఎవరి అడ్వాన్స్ ఎంత, ఆ మొత్తం కొనేవారి దగ్గర ఉంచడమైనది అని రాయించాం. టైలర్‌ది 50 వేలు, పెద్దమ్మది 13 వేలు, పైవాళ్లది 4 లక్షలు, మొత్తం 4,63,000. అబ్బాయిల 28 వేలు అమ్మే ఆయనే నా ముందు తిరిగిచ్చారు.

2024 జూన్ 20న రిజిస్ట్రేషన్. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 7 లక్షల 20 వేలు. యాభై లక్షలు దాటిన ఆస్తి కాబట్టి ఒక శాతం, 96 వేలు, అమ్మే ఆయన పేరున టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) కట్టాం. అడ్వాన్సులు పట్టుకున్నా టీడీఎస్ మాత్రం పూర్తి ధర మీదే లెక్కించాలి. జూన్‌లో మిగిలిన 11 రోజుల కిరాయి, 4,583 రూపాయలు, అక్కడే లెక్క చూసుకుని తీసుకున్నాం. ఇకపై కిరాయి వీళ్లకే ఇవ్వండి అని అమ్మే ఆయన సంతకంతో ముగ్గురికీ ఉత్తరాలు ఇప్పించాం. మొదటి అంతస్తు తాళం ఆరోజే చేతికొచ్చింది. అబ్బాయిలు ఇల్లంతా ఊడ్చి, ఫ్యాన్లు కూడా తుడిచి వెళ్లారు.

జూలై ఒకటిన మాకు వచ్చే కిరాయి 12,500. ఈఎంఐ 35 వేలు. మిగతాది మావారి సేవింగ్స్‌లోంచి కట్టాం. రంగులకు, బాత్రూం రిపేరుకు 38 వేలైంది. బోర్డు పెట్టాం కానీ ఆషాఢం వచ్చేసింది. మన దగ్గర ఆషాఢంలో కొత్త ఇంట్లో ఎవరూ దిగరు. వచ్చి చూసి, శ్రావణంలో చెబుతాం అని వెళ్లిపోయేవాళ్లు. నేను చేసిన పొరపాటు ఇదొక్కటే. అబ్బాయిలకు జూన్ దాకా టైం ఇవ్వకుండా మే నెలకల్లా ఖాళీ చేయించి ఉంటే, పిల్లల సెలవుల్లో ఇళ్లు మారే కుటుంబాలు దొరికేవి. శ్రావణం మొదటి వారంలో స్కూలు టీచర్ కుటుంబం 13 వేలకు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టారు.

సెప్టెంబర్‌లో వానల రాత్రి పదకొండింటికి పెద్దమ్మ ఫోన్ చేసింది. పైన పైపు ఊడి నీళ్లు మెట్ల మీదుగా మీటర్ల బోర్డు వైపు వస్తున్నాయని. మేం వెళ్లేసరికి ఆమె, టైలర్ కలిసి వాల్వు కట్టేసి, మెయిన్ దించేసి ఉన్నారు. మావారు ఆరోజు ఇంటికొస్తూ ఆమె కిరాయి ఎప్పటికీ పెంచొద్దన్నారు.

టైలర్ జనవరి నుంచి 7,500 కడుతున్నాడు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేటప్పుడు, ఇన్నేళ్లలో తన పేరు కాగితం మీద రాయడం ఇదే మొదటిసారన్నాడు.

2025 మేలో ఎఫ్‌డీ తీసి పైవాళ్లకు నాలుగు లక్షల చెక్కు ఇచ్చాం. ఆ అమ్మాయి స్టాంప్ పేపర్ వెనక "మొత్తం ముట్టింది" అని రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చింది. కిరాయికి ఉండమని అడిగాను, కానీ ఘట్‌కేసర్ వైపు చిన్న ప్లాటు చూసుకున్నారు, వాళ్లత్తగారింట్లో ఉంటూ అక్కడ కట్టుకుంటారట. వాళ్లు వెళ్లిన మర్నాడే పైన స్లాబు చెమ్మకు పని మొదలుపెట్టించి, వారంలో బోర్డు కట్టాం. ఈసారి ఆషాఢం రాకముందే ఒక కొత్త జంట పాలు పొంగించుకుని దిగింది. వాళ్లకు మోటర్ టైములు, వాల్వుల సంగతి పెద్దమ్మే చెప్పింది.